ఊరిని కాపుకాసే హోరు

ఇండోనేషియాలోని బాండుంగ్ నగరంలో, ఉజుంగ్‌బెరుంగ్ పేటకు వెళ్ళే అంగ్‌కోట్‌లో నా ఎదురుగా కూర్చున్న కుర్రాడి ఒళ్ళో స్నేర్ డ్రమ్ము ఉంది. కాళ్ళ దగ్గరి సంచిలోంచి డబుల్ పెడల్ గొలుసు బయటికి వేలాడుతోంది. అంగ్‌కోట్ అంటే మన షేర్ ఆటోకు పెద్దన్నలాంటి చిన్న వ్యాను. ఎదురెదురు బల్లల మీద కూర్చుంటే మోకాళ్ళు రాసుకుంటాయి. పక్కన కూరగాయల గంపతో ఉన్న పెద్దావిడ గంపను కాస్త జరిపి డ్రమ్ముకు చోటిచ్చింది. ఎక్కడికి బాబూ అని కూడా అడగలేదు. ఆ దారిలో ముప్పై ఏళ్ళకు పైగా డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ రోజు తొమ్మిది బ్యాండ్లు. పొద్దున పదకొండుకు మొదలై రాత్రి దాకా సాగే డెత్ మెటల్ కచేరీ. కుర్రాడిది మూడో బ్యాండు. డ్రమ్ సెట్టు అందరికీ కలిపి ఒక్కటే. స్నేరు, సింబల్సు, పెడలు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. ఏ దేశంలోనైనా చిన్న బ్యాండ్ల కచేరీకి ఇదే పద్ధతి. ఇక్కడ ఆ సామాను కారు డిక్కీలో కాకుండా ఒళ్ళో కూర్చుని వస్తుంది.

బాండుంగ్ పేరు మనకు సాంఘిక శాస్త్రం పుస్తకంలో పరిచయం. 1955 ఏప్రిల్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు సమావేశమైన ఊరు, నెహ్రూ, సుకర్ణో, చౌ ఎన్‌లై, నాసర్ ఒక్కచోట చేరిన ఊరు. ఆ సభ జరిగిన గెదుంగ్ మెర్దెకా ఇప్పుడు మ్యూజియం. బాండుంగ్ పశ్చిమ జావా రాజధాని. చుట్టూ కొండలు, సముద్రమట్టానికి ఏడు వందల మీటర్లకు పైన ఉండటంతో చల్లని గాలి. డచ్చివాళ్ళు దీన్ని జావా పారిస్ అని మురిసిపోయారు. ఆ మురిపెం నగరం నడిబొడ్డుదే. తూర్పు కొసన మంగ్లాయంగ్ కొండ కింద ఉన్న ఉజుంగ్‌బెరుంగ్‌కు అందులో వాటా లేదు. ఇక్కడివి వరిచేలు, కూరగాయల మళ్ళు. తర్వాత ఆ చేలలోనే బట్టల మిల్లులు లేచాయి. తండ్రులు షిఫ్టు డ్యూటీలకు మళ్ళారు. పొలమూ లేక, నగరమూ కాక మధ్యలో మిగిలిన పిల్లలు గిటార్లు పట్టారు.

పట్టినవాళ్ళు సామాన్యంగా పట్టలేదు. 1990లో పుట్టిన జసద్ ఈ పేట బ్యాండే. జసద్ అంటే దేహం. 1995లో మొదలైన బర్గర్‌కిల్ కూడా ఇక్కడిదే. ఫర్గాటెన్ ఇక్కడిదే, బిసైడ్ ఇక్కడిదే. పలాపా అనే ఒక చిన్న అద్దె స్టూడియోలో గంటల లెక్కన సాధన చేసి ఎదిగినవాళ్ళు వీళ్ళు. క్యాసెట్లను ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకున్నారు. తమ సంగీతం గురించి తామే రాసి జిరాక్స్ తీసి పంచారు. 1993 ఏప్రిల్‌లో జకార్తాలో మెటాలికా కచేరీ బయట అల్లర్లు జరిగాక విదేశీ మెటల్ బ్యాండ్ల రాకకు అనుమతులు కష్టమయ్యాయి. బయటివాళ్ళు రాకపోతే మనమే వాయించుకుందాం అన్నట్టు 1995లో ఈ పేట కుర్రాళ్ళే ‘బాండుంగ్ బెరిసిక్’ పెట్టారు. బెరిసిక్ అంటే గోల. అప్పటికి దేశంలో అధ్యక్షుడు సుహార్తో పాలన. గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో అందరికీ తెలిసిన కాలంలో ఆ పేరు పెట్టడం చిన్న సంగతి కాదు. సుహార్తో 1998 మేలో దిగిపోయాడు. గోల ఆగలేదు.

హాలు పెద్దదేం కాదు. మన ఊళ్ళలో కమ్యూనిటీ హాలంత ఉంటుంది. టికెట్టు ధర వీధి బండి దగ్గర రెండు పూటల భోజనం ఖర్చు. గుమ్మం దగ్గర బ్యాండ్ల టీషర్టులు వేలాడదీశారు. ఈ ఊళ్ళో బ్యాండ్లను బతికించింది క్యాసెట్ల కంటే టీషర్టులే. ‘డిస్ట్రో’ అని పిలిచే చిన్న బట్టల కొట్లు బాండుంగ్ నిండా పెరగడంలో ఈ సంగీతం చేయి చాలానే ఉంది. మిల్లుల ఊరు కాబట్టి బట్టకు, అచ్చుకు కొరత లేదు. తండ్రులు నేసిన గుడ్డ మీద కొడుకులు తమ బ్యాండు పేరు అచ్చువేసి అమ్ముకున్నారు.

మొదటి బ్యాండు వాయించేటప్పుడు హాల్లో యాభై మంది లేరు. అయినా స్పీకర్ల ముందు నిలబడ్డ పదిమంది తలలు ఊపడంలో లోటు చేయలేదు. ఇలాంటి కచేరీకి పొద్దున్నే రావాలని నేను గట్టిగా చెబుతాను. చివరి బ్యాండు కోసం రాత్రి వచ్చేవాళ్ళు పాటలు విని వెళ్తారు. పొద్దున వచ్చినవాళ్ళకు బ్యాండు ఎలా తయారవుతుందో కనిపిస్తుంది. రెండో బ్యాండు బాసిస్టుకు ఇరవై కూడా ఉండవు. తీగ తెగింది. సాయంత్రం వాయించాల్సిన పెద్ద బ్యాండు బాసిస్టు లేచి వచ్చి తన గిటారు అతని మెడలో వేసి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాడు. అక్కడ పెద్దవాణ్ణి ‘కాంగ్’ అంటారు, అంటే అన్న. ‘తేతే’ అంటే అక్క. తొమ్మిది బ్యాండ్ల వరసలో ఎవరు ఎవరికి కాంగో అందరికీ తెలుసు.

డెత్ మెటల్ వినని పాఠకులకు రెండు మాటలు. డ్రమ్మరు రెండు కాళ్ళతో బేస్ డ్రమ్ము మీద, చేతులతో స్నేరు, సింబల్సు మీద ఒకేసారి విరుచుకుపడే వేగాన్ని బ్లాస్ట్ బీట్ అంటారు. నిమిషానికి రెండు వందల మాత్రల పైమాటే. గిటారు తీగలను మామూలు శ్రుతి కంటే బాగా కిందికి దించుతారు. అందుకే స్వరం చెవికంటే ముందు పక్కటెముకలకు తగులుతుంది. పాడేవాడి గర్జన వట్టి అరుపు కాదు. అసలు స్వరతంత్రులకు పైన ఉండే మడతలను ఊపిరి అదుపుతో కదిలించాలి. తెలియకుండా అరిస్తే వారంలో గొంతు పోతుంది, తెలిసినవాడు ముప్పై ఏళ్ళు పాడతాడు. మన ఒగ్గుకథకుడి గొంతులో వీరత్వం పలికేటప్పుడు, బోనాల్లో డప్పు దరువు పెరిగి పోతురాజుకు ఒళ్ళు తెలియని క్షణం వచ్చేటప్పుడు మనం ఏం వింటామో దానికి ఇది దగ్గరి చుట్టం. ఉజుంగ్‌బెరుంగ్‌కు తనదైన జానపద కుస్తీ ఉంది, బెంజంగ్ అంటారు. డోళ్ళు మోగుతుంటే పట్టు పడతారు, ఆ దరువుకు పూనకాలూ వస్తాయి. ఈ కుర్రాళ్ళు ఆ డోళ్ళు వింటూ పెరిగారు. వాళ్ళ చేతికి బ్లాస్ట్ బీట్ అమెరికా నుంచి మాత్రమే వచ్చిందంటే నేను ఒప్పుకోను.

వేదిక ముందు గుంపు సుడి తిరుగుతుంది, భుజాలు భుజాలకు గుద్దుకుంటాయి. కానీ ఎవరైనా కింద పడితే ఆరు చేతులు లేపుతాయి. ఒకడి చెప్పు ఊడితే ఇంకొకడు దాన్ని తల మీదికెత్తి పట్టుకుని, సొంతదారు దొరికే దాకా నిలబడ్డాడు. అయిదో బ్యాండు నడుస్తుండగా నల్ల తలగుడ్డ కట్టుకున్న ఇద్దరమ్మాయిలు ముందు వరసకు వచ్చారు. మగపిల్లలు చేతులు చాచి వాళ్ళ చుట్టూ కొంచెం చోటు చేశారు. ఈ పక్కనే ఉన్న గరుత్ జిల్లా నుంచి వచ్చిన వాయిస్ ఆఫ్ బాచెప్రోత్‌లో ముగ్గురూ అమ్మాయిలే. ఇవాళ యూరప్ వేదికల మీదా వాయిస్తున్నారు. తలగుడ్డతో మెటలా అని బయటివాళ్ళు వింతగా రాస్తుంటారు. నాకు అందులో వింత కనపడలేదు. సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళకు వేదిక మీద సౌండు ఆపేశారు. కొందరు పక్క మసీదుకు నడిచారు, కొందరు బండి దగ్గర బతగోర్ తిన్నారు. చేపముద్దతో వేయించిన ఆ బజ్జీల మీద పల్లీల పచ్చడి పోస్తారు. గంట తర్వాత అందరూ మళ్ళీ హాల్లో ఉన్నారు.

ఆ విరామంలోనే, వేడి కాఫీ గ్లాసులు పట్టుకుని గోడవార కూర్చున్నప్పుడు, 2008 మాట వచ్చింది. నేను అడగలేదు. వాళ్ళే ఎత్తారు.

నగరం నడిమధ్య బ్రాగా వీధిలో మాజెస్టిక్ అనే పాత సినిమా హాలుంది. డచ్చి కాలపు కట్టడం. ఆ ఏడు ఫిబ్రవరి 9న బిసైడ్ తన తొలి ఆల్బమ్ విడుదల కచేరీ అక్కడ పెట్టుకుంది. అప్పట్లో ఆ హాలును ఆసియా ఆఫ్రికా సాంస్కృతిక కేంద్రం అనేవాళ్ళు. పట్టేదానికి మించి జనం వచ్చారు. లోపల గాలి లేదు. కచేరీ ముగిసి బయటికి వచ్చేవాళ్ళూ, లోపలికి తోసుకొచ్చేవాళ్ళూ ద్వారం దగ్గర ఎదురెదురయ్యారు. 11 మంది చనిపోయారు. అందరూ కుర్రవాళ్ళే.

మర్నాటి నుంచి నేరం సంగీతం మీద పడింది. మెటల్ కచేరీ అంటే అనుమతి లేదు. ఇక్కడ నా మాట నేను చెప్పాలి. ఆ పిల్లల్ని చంపింది డ్రమ్ములు కాదు. వేల మంది వినే సంగీతానికి సరైన హాలు లేకపోవడం, ఉన్న హాలుకు సరైన ద్వారాలు లేకపోవడం. 1990లలో ఇదే ఊళ్ళో సపారువా క్రీడాభవనంలో ఇంతకంటే పెద్ద గుంపులు చేరి క్షేమంగా ఇళ్ళకు వెళ్ళాయి. ఆ తలుపులు మూసుకుపోయాక పిల్లలు దొరికిన చోటికి వెళ్ళారు.

అనుమతులు లేని ఆ రోజుల్లో ఉజుంగ్‌బెరుంగ్ చేసిన పని నన్ను ఈ ఊరికి రప్పించింది. వాళ్ళు వెనక్కి, తమ తాతల చేలల్లోకి చూశారు. కరిందింగ్ అని ఒక చిన్న వాద్యం ఉంది. వెదురుతోనో, తాటిజాతి చెట్టు ఈనెతోనో చేస్తారు. పెదవులకు ఆనించి వేలితో కొడితే నోరే బుర్రగా మోగుతుంది. మన కచేరీల్లో మోర్సింగ్ విన్నవాళ్ళకు ఆ నాదం వెంటనే తెలుస్తుంది. మోర్సింగ్ ఇనుముది, ఇది చెట్టుది, అంతే తేడా. రైతులు రాత్రిపూట చేనుగట్టున కూర్చుని పైరు మీదికి పురుగు రాకుండా దీన్ని వాయించేవారట. వాయించేవాళ్ళు తగ్గిపోతున్న ఆ వాద్యాన్ని మెటల్ గాయకులు, గిటారిస్టులు పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. జసద్ గాయకుడు మాన్, బర్గర్‌కిల్ తొలినాళ్ళ బాసిస్టు కిముంగ్, మరికొందరు కలిసి 2009 ప్రాంతంలో కరిందింగ్ ఎటాక్ అనే బృందం కట్టారు. కరెంటు అక్కర్లేదు, పెద్ద హాలు అక్కర్లేదు. గోలను ఆపినవాళ్ళకు వాళ్ళు ఇంకా సన్నని నాదంతో జవాబిచ్చారు. కిముంగ్ చరిత్ర చదివినవాడు. చనిపోయిన మిత్రుడు, బర్గర్‌కిల్ గాయకుడు ఈవాన్ జీవితాన్ని పుస్తకంగా రాశాడు. 2013లో జసద్ తెచ్చిన ఆల్బమ్ పేరులోనే సుండా నేల, అంటే ఈ పశ్చిమ జావా, ఉంది. పాటల్లో సుండా భాష వచ్చింది, పులిగా మారాడని చెప్పుకునే సిలివంగి రాజు వచ్చాడు. అదే ఏడు బర్గర్‌కిల్‌కు లండన్‌లో మెటల్ హ్యామర్ పత్రిక పురస్కారం దక్కింది. ఆ బ్యాండును కట్టిన ఎబెన్ 2021లో కన్నుమూశాడు.

ఈ పేట బ్యాండ్లకు సుండా భాషలో ఒక నినాదం ఉంది. ‘పాన్‌చెగ్ దినా గలూర్, బబారెంగన్ ఙజాగా లెంబుర్.’ పట్టిన దారి వదలకుండా నిలబడు, అందరం కలిసి ఊరిని కాపాడుకుందాం అని అర్థం. లెంబుర్ అంటే ఊరు. లోకాన్ని తగలబెడతామనే ప్రతిజ్ఞలు మెటల్ పాటల్లో చాలా విన్నాను. ఊరికి కాపలా ఉంటామన్నది ఇక్కడే విన్నాను. చేనుగట్టున కరిందింగ్ మోగించిన తాత చేసిందీ ఆ కాపలాయే.

మన సంగతికి వస్తే, 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బ్యాండు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి వెళ్ళాను. ఆ బస్సులో నల్ల టీషర్టులే ఎక్కువ. 2013లో బెంగళూరు బ్యాండు క్రిప్టాస్ జర్మనీలోని వాకెన్ మెటల్ ఉత్సవ వేదికెక్కింది. హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్ళు కలిసి కట్టిన గాడ్‌లెస్ డెత్ మెటల్‌ను నేను ఎక్కడైనా తల ఎత్తుకుని వినిపిస్తాను. మన దగ్గర చేతులకు కొదవ లేదు. కొదవ చోటుకే. నెల జీతం లేని ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు నాలుగు బ్యాండ్లుగా కలిసి ఒక హాలు అద్దెకు అడిగితే హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఏం జవాబు వస్తుందో నాకు తెలుసు. వార్డుకొక కల్యాణ మండపం ఉన్న ఊళ్ళు మనవి. నెలలో ముహూర్తాలు లేని రోజుల్లో వాటిలో ఒక్కటి తాళం తీసి ఇవ్వండి. సౌండు ఎన్నింటికి ఆపాలో చెప్పండి, ఎంతమందిని రానివ్వాలో లెక్క గీయండి, రెండు దారులూ తెరిచి ఉంచమనండి. ఉజుంగ్‌బెరుంగ్ పిల్లలు అడిగింది అంతే.

రాత్రి పది దాటాక తొమ్మిదో బ్యాండు దిగింది. అంగ్‌కోట్ కుర్రాడు తన వాయింపు ఎనిమిది గంటల కిందటే అయిపోయినా ఇంటికి పోలేదు, వేదిక మీద వైర్లు చుడుతున్నాడు. చెమటతో తడిసిన మేము కొండగాలిలోకి నడిచాం. హాలుకున్న రెండు ద్వారాల తలుపులూ గోడకు ఆనించి లావుపాటి తాళ్ళతో కట్టి ఉన్నాయి. కచేరీ మొదలవకముందు కట్టారట. ఒక్కో ద్వారం దగ్గర ఇద్దరేసి పెద్దవాళ్ళు పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు.