పెన్షన్ పక్కన పెడితే లాభమే

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఆంధ్ర నుంచి వచ్చి వర్క్‌షాపులో, లైన్ల మీద కుదురుకున్న కుటుంబాలవి. ఆ తరాల వారిలో చాలామందికి రిటైరయ్యాక ఆధారం రైల్వే పెన్షనే. కానీ రైల్వే ఆర్థిక ఆరోగ్యాన్ని చెప్పే లెక్కలో ఆ పెన్షన్ పూర్తిగా కనిపించకపోవచ్చు.

ఆ లెక్క పేరు ఆపరేటింగ్ రేషియో. వంద రూపాయల ఆదాయానికి నిర్వహణ కింద ఎంత ఖర్చయిందో చెబుతుంది. 2019-20లో రైల్వే చూపింది 98.36 శాతం. అంటే వందకు రూపాయిన్నర మిగులు. మొత్తమ్మీద రూ.1,589 కోట్లు.

కాగ్ ఈ లెక్కను విప్పి చూసింది. రేషియోలో చేరేది పెన్షనర్లకు నిజంగా చెల్లించిన మొత్తం కాదు, పెన్షన్ నిధికి జరిపిన కేటాయింపు. ఆ ఏడాది కేటాయింపు అవసరం కన్నా బాగా తక్కువ. అసలు చెల్లింపులను కలిపితే రేషియో 114.35 శాతానికి చేరుతుందని, మిగులు పోయి రూ.26 వేల కోట్లకు పైగా లోటు తేలుతుందని కాగ్ లెక్కగట్టింది.

పెన్షన్లేమీ ఆగలేదు. ఇంటద్దె మినహాయించి నెల ఖర్చు తగ్గిందని చెబితే అద్దె కట్టక తప్పుతుందా? 2020-21లో కేంద్రం రైల్వేకు రూ.79,398 కోట్ల ప్రత్యేక రుణం ఇచ్చింది. కరోనా నష్టంతో పాటు 2019-20 నాటి లోటును పూడ్చడమూ దాని ఉద్దేశమే.

అందుకే శాతం ఎంతని అడిగి ఊరుకోకూడదు. అందులో ఏ ఖర్చు చేరలేదో కూడా అడగాలి.