మూడేళ్లు దాటిన ప్రోనోటు: అపోహలు – వాస్తవాలు

‘నోటు రాసి మూడేళ్లు దాటింది, ఇక ఆ బాకీ లేనట్టే’ అనే మాటలో సగమే నిజం ఉంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేళ్లే గడువు. అది దాటితే, బాకీదారు ఆ సంగతి ఎత్తకపోయినా కోర్టే దావా కొట్టేయాలి. కానీ మూతపడింది కోర్టు తలుపు మాత్రమే, అప్పు తీరిపోలేదు. కాలదోషం పట్టిన బాకీని ఎవరైనా కట్టేస్తే ఆ సొమ్ము తిరిగి ఇమ్మని అడగలేరు. 1992లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో, దావా గడువు దాటిన అప్పు కింద ఒక బ్యాంకు తన దగ్గర హామీగా ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను జమ వేసుకుంది. దావా దారి పోయినంత మాత్రాన హక్కు పోదని, బ్యాంకు చేసింది నేరం కాదని కోర్టు తేల్చింది. (భూమి సంగతి వేరు. స్వాధీనం కోసం దావా వేసే గడువు దాటితే అక్కడ హక్కే పోతుంది.)

అప్పు ఉన్నప్పుడు దావాకు అడ్డెందుకు, ఇది ఎగవేతదారులకు కొమ్ముకాయడం కాదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బాకీ తీర్చేసి, నమ్మకం కొద్దీ నోటు వెనక్కి తీసుకోని మనిషిని తలచుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత అప్పిచ్చినవారి వారసులకు పెట్టెలో ఆ నోటు దొరుకుతుంది. అప్పటికి నోటు రాసిన దస్తూరీదారు, సాక్షులు పోయి ఉండవచ్చు. రసీదు చెదలు తిని ఉండవచ్చు. ఆ మనిషి దేన్ని చూపి గట్టెక్కాలి? సాక్ష్యం బతికి ఉండగానే తగవు తేలాలన్నది గడువు వెనక ఉన్న ఆలోచన. అది సబబని నా అభిప్రాయం.

పైగా ఆ గడువును పొడిగించే వీలు చట్టంలోనే ఉంది, అయితే అది కాగితం మీదే. మూడేళ్లలోపు కొంత సొమ్ము కట్టి, నోటు వెనక ‘ఈ నోటు బాపతు ఇంత చెల్లించాను’ అని బాకీదారు సంతకం చేస్తే, చెల్లు వేసిన ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా అంతే. ఫోన్‌లో ఒప్పుకుంటే చాలదు. లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగుతుందన్నదీ అపోహే, నోటీసు ఇచ్చినా రోజులు గడుస్తూనే ఉంటాయి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు అప్పీళ్లకు, దరఖాస్తులకు ఉంది గానీ దావాలకు లేదు. కోవిడ్ కాలంలో మాత్రం 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు రోజులను సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది.

మూడేళ్లు దాటాక వేసిన చెల్లు పాత నోటుకు ప్రాణం పోయదు. అప్పుడు కావలసింది ఆ బాకీ చెల్లిస్తానని స్పష్టంగా రాసి, సంతకం చేసిన కొత్త వాగ్దానం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ దాన్ని చెల్లుబాటు చేస్తుంది. ఆ సంతకంతో పాత తగవు మళ్లీ కోర్టుకెక్కవచ్చు. అందుకే పాత నోటు వెనక సంతకం అడిగితే ముందు నోటు తేదీ చూడండి, పైన రాసింది చదివించుకోండి, సంతకం కింద ఆనాటి తేదీ మీ చేత్తోనే వేయండి. బాకీ తీరిన రోజునే నోటు చేతిలోకి తీసుకోండి.