తాళపుచెవుల గుత్తిలో ఒక తప్పు

పాత కంప్యూటర్ చిప్‌లను, వాటి తయారీ సంస్థలు పంచిపెట్టిన జ్ఞాపికలను సేకరించేవారు అనేక దేశాలలో ఉన్నారు. బంగారుపూత ఉన్న పాత పింగాణీ చిప్‌లను కరిగించే తుక్కు వ్యాపారులతో వీరికి నిత్యం పోటీయే. 1997లో ఇంటెల్ ప్రకటనలో రంగుల తొడుగులు వేసుకొని నాట్యమాడిన చిప్ కార్మికుల గుడ్డబొమ్మలంటే చాలామందికి మక్కువ. నా దృష్టిలో మాత్రం వాటికంటే విలువైనది ఒక చిన్న కీచైన్.

1994లో అమెరికాలోని వర్జీనియాకు చెందిన గణితాచార్యుడు థామస్ నైస్లీ, పెంటియం చిప్ కొన్ని భాగహారాలు తప్పుగా చేస్తున్నదని కనుగొన్నారు. 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.3338 రావలసి ఉండగా 1.3337 వచ్చేది. చిప్‌లోని భాగహార పట్టికలో ఐదు గడులు పూరించబడకపోవడమే దీనికి కారణం. ఎంత చిన్న ఏమరుపాటు! అవసరం నిరూపించుకున్నవారికే కొత్త చిప్ ఇస్తామని ఇంటెల్ మొదట బింకంగా పలికింది. విమర్శలు ముదరడంతో, అడిగినవారందరికీ ఉచితంగా మార్చి ఇస్తామని డిసెంబరులో ప్రకటించింది. అందుకు 47.5 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది.

ఆ తరువాత లోపమున్న చిప్‌లనే పారదర్శకమైన ప్లాస్టిక్‌లో పొదిగి, కీచైన్లుగా తన ఉద్యోగులకు పంచింది. గొప్ప సంస్థలను సంక్షోభాలు మెరుగుపరుస్తాయన్న భావంతో అధిపతి ఆండీ గ్రోవ్ మాటలను వాటి వెనుక ముద్రించింది. నాడు ఉద్యోగుల జేబుల్లో తిరిగిన ఆ కీచైన్లు నేడు సేకర్తల అద్దాల పెట్టెల్లో ఉన్నాయి.