ప్రతి దేశానికీ ఓ మీల్స్ ఉంది

శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు చూసే మొదటి విదేశం చాలాసార్లు నేపాలే. పశుపతినాథ్, ముక్తినాథ్ దర్శనాల కోసం బృందాలుగా కదులుతారు. వీసా అక్కర్లేదు. రోడ్డు మార్గంలో వెళ్లేవాళ్లు ఓటరు కార్డు చూపించినా సరిహద్దు దాటవచ్చు. ఇలాంటి యాత్రల్లో వంటమనిషి, గ్యాస్ పొయ్యి, బియ్యం మూటలు, చింతపండు, ఒట్టి మిరపకాయలు కూడా బస్సెక్కడం మామూలే. దాంతో ఖాట్మండులో దిగినా మధ్యాహ్నం తినేది సాంబారన్నమే అవుతుంది.

వయసు మళ్లినవాళ్లు, మడి పాటించేవాళ్లు, కడుపు సున్నితమైనవాళ్లు అలా వెళ్లడంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. మిగతావాళ్లు మాత్రం బస దాటి నాలుగడుగులు వేస్తే ఏ చిన్న హోటల్లోనైనా దాల్ భాత్ దొరుకుతుంది. పళ్లెం నడుమ అన్నం, గిన్నెలో పప్పు, పక్కన కూర, ఆకుకూర, ఊరగాయ. కొన్నిచోట్ల ఆకుకూరను పులియబెట్టి ఎండబెట్టిన గుంద్రుక్ కూడా వేస్తారు. అన్నం, పప్పు, కూర అయిపోతే అడక్కుండానే మళ్లీ తెస్తారు. ముక్తినాథ్ వెళ్లే దారి కాళీ గండకి లోయ మీదుగా సాగుతుంది. భోజనశాలలు నడపడంలో నేపాల్ అంతటా పేరున్న థకాలీల సొంతగడ్డ అదే. అంటే యాత్రికులు ఆ దేశంలోకెల్లా మంచి భోజనం దొరికే దారిలోనే ప్రయాణిస్తూ, వెంట తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పుతున్నారు. ఒక్కటి మాత్రం చెప్పాలి: ఖాట్మండులో మోమోలు తినే ముందు అందులో ఏముందో అడగాలి. అక్కడ ఎక్కువగా వాడేది గేదె మాంసం.

దాల్ భాత్‌ను మన మీల్స్‌తో పోల్చవచ్చు. అందుకు కారణం అన్నం, పప్పు మాత్రమే కాదు. శ్రీకాళహస్తిలో రాహు కేతు పూజ ముగించుకుని బయటికొచ్చిన భక్తుడికి తిరుగు ప్రయాణపు తొందర ఉంటుంది. మెనూ చదివి ఎంచుకునే ఓపిక ఉండదు. కూర్చోగానే ఆ పూట వండిన పప్పు, కూర, చారు, పెరుగు ఒకే ధరకు ముందుకొస్తాయి. ఏం తినాలో వంటమనిషే నిర్ణయించాడు, ఎంత ఇవ్వాలో బోర్డు మీద ముందే రాసుంది. పనిలో ఉన్న మనిషికి త్వరగా, చవగ్గా, కడుపునిండా పెట్టే ఈ ఏర్పాటు దాదాపు ప్రతి దేశంలోనూ ఏదో ఒక పేరుతో ఉంది. దాన్ని పట్టుకోగలిగితే విదేశంలో మధ్యాహ్నం పూట డబ్బూ మిగులుతుంది, ఆ ఊరివాళ్లు నిజంగా ఏం తింటారో కూడా తెలుస్తుంది.

మధ్యాహ్నమే ఎందుకంటే, దాని వెనక వ్యాపార లెక్క ఉంది. రెస్టారెంటు అద్దె, వంటవాళ్ల జీతాలు రెండు పూటలకూ ఒకటే. రాత్రి వచ్చేవాళ్లు తీరిగ్గా, పండగలా ఖర్చుపెడతారు. పగలు వచ్చేవాళ్లు పక్కనున్న ఆఫీసులవాళ్లు, దుకాణాలవాళ్లు. వారానికి ఐదు రోజులు రావాలంటే ధర వాళ్లకు అందుబాటులో ఉండాలి. వంటకాలు రెండో మూడో అయితే సరుకు వృథా కాదు, బల్ల త్వరగా ఖాళీ అవుతుంది. అందుకే టోక్యోలో రాత్రి భోజనానికి సామాన్యుడు అడుగు పెట్టలేని కొన్ని హోటళ్లు కూడా మధ్యాహ్నం అదే వంటగది నుంచి చాలా తక్కువ ధరకు భోజనం పెడతాయి.

స్పెయిన్‌లో ఈ ఏర్పాటును ప్రభుత్వమే పుట్టించింది. 1960లలో ఐరోపా నలుమూలల నుంచి పర్యాటకులు ఆ దేశపు సముద్ర తీరాలకు పోటెత్తారు. అప్పుడు ఫ్రాంకో ప్రభుత్వంలో సమాచార, పర్యాటక మంత్రిగా ఉన్న మాన్యుయల్ ఫ్రాగా హయాంలో, రెస్టారెంట్లు ఒకే ధరకు పూర్తి భోజనం పెట్టాలని నిబంధన వచ్చింది. పర్యాటకుల కోసం మొదలైనదాన్ని స్పెయిన్ కార్మికులు, గుమాస్తాలు తమదిగా చేసుకున్నారు. ఇవాళ ‘మెనూ దెల్ దియా’ అని గుమ్మం ముందు నల్లబల్ల మీద రాసి ఉంటుంది. మొదట ఒక వంటకం, తర్వాత మరొకటి, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర పండో తీపో కాఫీయో. అన్నీ ఆ ధరలోనే.

మనవాళ్లు అక్కడ బోల్తా పడేది వేళ దగ్గర. శ్రీకాళహస్తిలో పన్నెండున్నరకు ఆకలేస్తుంది. స్పెయిన్‌లో అసలు భోజనం వేళ రెండు గంటలకు మొదలై నాలుగు దాకా సాగుతుంది. పన్నెండున్నరకు వెళ్లి తలుపు తడితే చాలాచోట్ల ఆ భోజనం దొరకదు. ఫ్రాన్స్‌లో సరిగ్గా తలకిందులు. పన్నెండుకు మొదలవుతుంది, రెండు దాటాక వెళ్తే వంటగది మూసేశామని చెప్పేస్తారు. అక్కడ భోజన విరామాన్ని చట్టం కూడా గట్టిగా పట్టించుకుంది. పనిచేసే బల్ల దగ్గరే భోజనం చేయకూడదని ఫ్రెంచ్ కార్మిక చట్టంలో ఏనాటి నుంచో నిబంధన ఉంది. కరోనా కాలంలో, 2021లో, దాన్ని తాత్కాలికంగా సడలించాల్సి వచ్చింది. ఆ దేశంలో మీల్స్‌కు సాటి వచ్చేవి ‘ప్లా దు జూర్’, ‘ఫార్ముల్’ అన్న బోర్డులు. మొదటిది ఆ రోజు వంటకం, రెండోది రెండు మూడు వంటకాలు కలిపిన ఒకే ధర. నీళ్లు కావాలంటే ‘కరాఫ్ దో’ అని అడగాలి. కుళాయి నీళ్లు కూజాలో ఉచితంగా తెచ్చిస్తారు. ఊరికే ‘వాటర్’ అంటే సీసా వస్తుంది, దానికి బిల్లూ వస్తుంది.

జపాన్‌లో భాష రాకపోయినా భోజనం చేయడం అంత కష్టం కాదు. చాలా హోటళ్ల ముందు అద్దాల అరలో వంటకాల నమూనాలు ప్లాస్టిక్‌తో చేసి పెడతారు, వేలుపెట్టి చూపిస్తే చాలు. కొన్నిచోట్ల గుమ్మంలో యంత్రం ఉంటుంది. డబ్బు వేసి బొమ్మ నొక్కితే చీటీ వస్తుంది, దాన్ని వంటాయనకు ఇవ్వాలి. అక్కడి మీల్స్ పేరు తేషోకు: అన్నం, మిసో సూపు, ఊరబెట్టిన కూరగాయలు, ఒక ప్రధాన వంటకం. టీ, నీళ్లు సాధారణంగా ఉచితం. టిప్పు ఇవ్వబోతే తీసుకోరు, మరిచిపోయారనుకుని వెంటపడి తిరిగిచ్చేవాళ్లూ ఉన్నారు. కొరియాలో అన్నంతోపాటు బాన్‌చన్ అనే చిన్న చిన్న గిన్నెలు వరసగా పేరుస్తారు. అయిపోతే మళ్లీ నింపుతారు, దానికి విడిగా డబ్బు లేదు.

ఇంతవరకూ చదివిన శాకాహారికి ఒక సందేహం వచ్చే ఉంటుంది. అది న్యాయమైన సందేహం. 1888లో లండన్ చేరిన గాంధీకీ ఇదే కష్టం. తల్లికిచ్చిన మాట కోసం మాంసం ముట్టక, రోజూ మైళ్లకొద్దీ నడిచి, చవక హోటళ్లలో రొట్టె తిని, చివరికి ఫారింగ్డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార రెస్టారెంటు కనిపిస్తే పొంగిపోయారు. ఇంగ్లండ్ వచ్చాక తృప్తిగా తిన్న మొదటి భోజనం అదేనని ఆత్మకథలో రాసుకున్నారు. భోజనానికి కూర్చోబోతూ అక్కడే కొన్న హెన్రీ సాల్ట్ పుస్తకం ఆయన శాకాహారాన్ని మాట కోసం పాటించే నియమం నుంచి సొంత నమ్మకంగా మార్చింది.

నేటి చిక్కు వేరు. ముక్కలు కనిపించకపోయినా రుచిలో చేప ఉంటుంది. థాయిలాండ్, వియత్నాంలలో ఉప్పుకు బదులు చేపల రసం వేస్తారు. జపాన్ మిసో సూపు, ఉడోన్ నూడుల్స్ చారు చాలావరకు ఎండుచేప కాచిన నీళ్లతో చేసినవే. మలేసియా సంబల్‌లో రొయ్యల ముద్ద, శ్రీలంక సంబోల్‌లో మాల్దీవుల ఎండుచేప కలుస్తాయి. స్పెయిన్‌లో పప్పు అడిగితే అందులో పంది మాంసపు సాసేజి తేలుతుంటుంది. అక్కడి వంటమనిషి దృష్టిలో అది పప్పే, ఆయన మోసం చేయడం లేదు. కనుక ‘వెజ్’ అని అడిగి ఊరుకోకుండా, ఆ సమాజంలో ఉపవాసాలు, వ్రతాలు పాటించేవాళ్లు ఏమంటారో ఆ మాటే వాడాలి.

థాయిలాండ్‌లో ఆ మాట ‘జే’. పసుపు జెండా మీద ఎర్రక్షరాలు కనిపించిన చోట మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా వేయరు. వియత్నాంలో ‘చాయ్’ అని అడగాలి. చాంద్రమాసం మొదటి రోజు, పదిహేనో రోజు, అంటే దాదాపు మన అమావాస్యకూ పున్నమికీ, అక్కడ ఎంతోమంది బౌద్ధులు మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో చాయ్ భోజనం మరింత సులువుగా దొరుకుతుంది. ఇథియోపియాలో సనాతన క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో ‘త్సోమ్’ అనే ఉపవాసం పాటిస్తారు. ఆ రోజుల్లో పాలు, నెయ్యి కూడా వాడకుండా పప్పులు, శనగపిండి షిరో, ఆకుకూరలు వండి, పెద్ద పుల్లట్టు లాంటి ఇంజెరా మీద వడ్డిస్తారు. ఇథియోపియన్లు ఎక్కువగా స్థిరపడిన అమెరికా నగరాల్లో వాషింగ్టన్ ఒకటి. వర్జీనియాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే మన పెద్దవాళ్లకు ఈ భోజనం పిజ్జా కంటే ఎంతో నచ్చుతుందని గట్టిగా చెప్పవచ్చు.

భోజనంలో తేడాల గురించి శ్రీకాళహస్తి వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఈ ఊరి కొండకే కన్నప్ప పేరుంది. తిన్నడు అనే బోయ తాను రుచి చూసిన మాంసాన్ని శివుడికి పెట్టిన కథను ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము’లో విస్తారంగా చెప్పాడు. అదే లింగానికి రోజూ మడితో అర్చన చేసే పూజారి ఆ మాంసం చూసి తల్లడిల్లిపోవడమూ ఆ కథలోనే ఉంది. ఈ క్షేత్రంలో ఇద్దరికీ చోటు దొరికింది. ఈ కథ వింటూ పెరిగిన మనిషి పక్క బల్ల మీది పళ్లెం చూసి ముఖం చిట్లించడు, అలాగని తన నియమం వదులుకోనూ వదులుకోడు.

సింగపూర్‌లో తన నియమం పాటించడం, పక్కవాళ్ల పళ్లెంతో సర్దుకోవడం రెండూ ఒకే పేటలో కుదురుతాయి. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో దోసె, భోజనం దొరుకుతాయి. కాస్త నడిస్తే టెక్కా సెంటర్ ఉంది. అందులో భారతీయ, చైనా, మలయ్ వంటలు పక్కపక్కనే అమ్ముతారు. ఇలాంటి హాకర్ సెంటర్ల సంస్కృతిని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఎవరో చోటు పట్టుకున్నారని అర్థం, అక్కడ కూర్చోకూడదు. తిన్నాక ట్రే తీసుకెళ్లి పెట్టాల్సిన చోట పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి హాకర్ సెంటర్లలో ఈ నిబంధనను అమలు చేస్తున్నారు, పదేపదే ఉల్లంఘిస్తే జరిమానా ఉంది. మలేసియాలో అరిటాకు భోజనం మనకు తెలిసినట్టే ఉంటుంది. తిన్నాక ఆకును తమవైపు మడిస్తే భోజనం నచ్చిందని అక్కడివాళ్లు అనుకుంటారు.

బిల్లు దగ్గర దేశానికో పద్ధతి. సింగపూర్ రెస్టారెంట్లో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పది శాతం సర్వీసు చార్జీ, ఆపైన తొమ్మిది శాతం పన్ను కలుస్తాయి. ఇటలీలో కూర్చున్నందుకు, రొట్టె పెట్టినందుకు మనిషికింత అని ‘కొపెర్తో’ వేస్తారు. ఫ్రాన్స్‌లో సర్వీసు ధరలోనే ఉంటుంది. అమెరికాలో మాత్రం వడ్డించేవాళ్ల బతుకు టిప్పు మీదే ఆధారపడి ఉంది. పదిహేను నుంచి ఇరవై శాతం ఇవ్వాలి. ఎగ్గొట్టడం పొదుపు కాదు, ఒకరి కూలి కోయడం.

పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లే కూలీలకు, డ్రైవర్లకు ఈ వేళల విషయం మరీ ముఖ్యం. రంజాన్ నెలలో పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం అక్కడ 1968 నాటి చట్టం ప్రకారం నేరం. వంద దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు పడవచ్చు. ఏ మతస్థుడికైనా ఇదే వర్తిస్తుంది. కొత్తగా వెళ్లే కుర్రాడికి ఏజెంటు ఈ మాట తప్పక చెప్పి పంపాలి.

తిరుపతి, శ్రీకాళహస్తిలలో యాత్రలు నడిపేవాళ్లు కరపత్రాల మీద ‘ప్రతిరోజూ ఇండియన్ లంచ్’ అని పెద్దక్షరాలతో వేస్తారు. ఆ హామీతోనే చాలామంది ధైర్యంగా బయలుదేరుతున్నారు కాబట్టి దాన్ని తీసేయమనడం సరికాదు. కానీ ప్రతి యాత్రలో ఒక్క మధ్యాహ్నం ఖాళీగా వదలవచ్చు. తలా కొంత స్థానిక డబ్బు చేతిలో పెట్టి, ‘జే’, ‘చాయ్’ లాంటి ఆ దేశపు మాట ఒకటి చీటీ మీద అక్కడి లిపిలో రాసిచ్చి, బస్సు రెండున్నరకు బయలుదేరుతుందని చెబితే సరిపోతుంది. ఇష్టం లేనివాళ్లకు బస్సులో పెరుగన్నం పొట్లం ఉండనే ఉంటుంది.