ఆ వచనానికి పైన ఏముంది?

తెల్లవారుజాము. నైట్ షిఫ్టు దిగి కంపెనీ బస్సెక్కిన మనిషి జేబులో ఫోను టింగుమంటుంది. తీసి చూస్తే... సూర్యోదయం బొమ్మ, దాని మీద బంగారు అక్షరాల్లో ఒక వచనం. దేవుడు మన మేలే తలుస్తున్నాడు, ముందు మంచి రోజులున్నాయి అని దాని భావం. కింద చిన్నగా ‘యిర్మీయా 29:11’. చదివి, కళ్లకద్దుకుని, ఊళ్లో ఉన్న భార్యకు పంపి, కిటికీకి తల ఆనించి కునుకు తీస్తాడు.

కిష్టారెడ్డిపేట, అమీన్‌పూర్, పటాన్‌చెరు... ఈ దారుల్లో తిరిగే ఏ బస్సులోనైనా కనిపించే దృశ్యమే ఇది. బతుకుతెరువు కోసం వచ్చి అద్దెగదుల్లో ఉండేవాళ్లకు ఆదివారం కూడా డ్యూటీ పడుతుంటుంది. చర్చికి వెళ్లడం కుదరదు. బైబిలే జేబులోకి వచ్చింది.

విశాఖపట్నంలో పనిచేసిన మిషనరీ డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ సాయంతో తెనిగించిన మూడు సువార్తలు 1812లో సిరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి డెస్ గ్రాంజెస్ కన్నుమూసి రెండేళ్లు! ఆనాడు అంత కష్టపడితేగానీ చేతికి రాని పుస్తకం, 2008లో యూవర్షన్ లాంటి యాప్‌లు మొదలయ్యాక ఉచితంగా దొరుకుతోంది. చూపు ఆనని తాతయ్య అక్షరాలు పెద్దవి చేసుకుంటాడు. చదువురాని నాయనమ్మ వింటుంది. పుట్టిన తేదీలు, పెళ్లి తేదీలు రాసుకున్న ఆ నల్ల అట్ట బైబిలు మాత్రం బీరువా దిగడం లేదు.

చిక్కల్లా ఆ ఒక్క వచనంతోనే. ఆరునెలలు గడుస్తాయి. ఉద్యోగం పర్మినెంటు కాదు, అప్పు తీరదు. ‘మంచి రోజులు రాలేదేం? నా విశ్వాసమే చాలలేదా?’ పాస్టరుగారిని అడగడానికి మొహమాటం. అర్ధరాత్రి ఫోన్నే అడుగుతాడు. ఫోను వెయ్యి జవాబులిస్తుంది. ఇంత డబ్బు పంపితే ప్రార్థన చేస్తామనేవాళ్లూ అందులో ఉంటారు.

అసలు జవాబు ఆ వచనానికి సరిగ్గా పైనే ఉంది. పదో వచనంలో... డెబ్బై ఏళ్లు పడుతుందని!

అది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని, రాజునీ పెద్దలనీ పనివాళ్లనీ బందీలుగా పట్టుకుపోయాడు. సొంత ఊరికి దూరమైన వాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరమది. దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే మరో ప్రవక్త వస్తాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని అంటాడు. వినడానికి ఎంత హాయిగా ఉందో! ఆ రోజుల్లో ఫోన్లుంటే అందరూ పంచుకునేది హనన్యా మాటే. యిర్మీయా చెప్పింది వేరు. విన్నవాళ్లలో చాలామంది ఆ తిరుగు ప్రయాణం చూడరు, వాళ్ల మనవలు చూస్తారు. మేలు చేస్తానన్న మాట నిజమే. కానీ అది ఒక మనిషికి ఈ ఏడాదే అందే బోనస్ కాదు, ఒక జనానికి ఇచ్చిన మాట.

పాపం, తప్పంతా ఫోనుదేనా అంటే అదీ కాదు. ఆ ఉత్తరం రాసిననాడు దానికి అంకెల్లేవు. బైబిలుకు ఇప్పుడున్న అధ్యాయాలు 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ విడదీసినవంటారు. కొత్త నిబంధనలో వచనాలకు ఈ అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి వేసిన అంకెలే తెంపుకోవడానికీ పనికొచ్చాయి. గోడ క్యాలెండర్లు ఎప్పట్నుంచో చేస్తున్న పనే ఫోను ఇంకాస్త జోరుగా చేస్తోంది. యాప్‌లో అయితే ఆ వచనం మీద వేలు పెడితే చాలు, మొత్తం అధ్యాయం తెరుచుకుంటుంది. క్యాలెండరుకు ఆ సదుపాయం లేదు.

తెరిచి కాస్త పైకి వెళ్తే అయిదో వచనం నుంచి వేరే మాటలుంటాయి. ఉన్నచోటే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసి పళ్లు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని తీసుకెళ్లిన ఆ పట్నం బాగుండాలని ప్రార్థించండి, అది బాగుంటేనే మీరూ బాగుంటారు... ఇదీ సారాంశం. బంగారు అక్షరాల బొమ్మల్లో ఈ మాటలు పెద్దగా కనిపించవు. అద్దెగదిలో పరుపు చుట్టి డ్యూటీకెళ్లే మనిషికి పదకొండో వచనం కన్నా ఇవే దగ్గరగా తగులుతాయేమో!

అధ్యాయం మొత్తం 32 వచనాలు. ఆడియో పెట్టుకుంటే బస్సు పటాన్‌చెరులో బయల్దేరి కిష్టారెడ్డిపేట చేరేలోపు అయిపోతుంది.