దాదీ మతిమరుపు, మనవరాలి చదువు

ముత్యంపేటలో మా దగ్గర ఖాయదా మొదలు ఖుర్ఆన్ పూర్తయ్యేదాకా చదువుకున్న ఒక అమ్మాయి మొన్న సెలవులకు వచ్చి మమ్మల్ని కలిసింది. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి కావచ్చింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "మౌల్వీ సాబ్, నేను మెదడు క్షీణించే జబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తాను. అబ్బాకు మీరే చెప్పాలి" అంది.

ఆ జబ్బులే ఎందుకమ్మా అని అడిగాము. అడగకుండా ఉండవలసింది. కారణం మాకు తెలియనిది కాదు.

ఆమె దాదీ బతుకంతా బీడీలు చుట్టిన మనిషి. ఎనిమిదేళ్ల క్రితం నమాజులో రకాతుల లెక్క తప్పసాగింది. దాదా చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి ఎప్పుడో కాలం చేశారు. ఆ ఫ్యాక్టరీ కూడా 2015లో మూతబడింది. అయినా షిఫ్టు దిగి వస్తారని ఆమె సాయంత్రాలు గడపలో కూర్చునేది. ఇరుగుపొరుగు "అసర్" అన్నారు. ఇంటివారు మా దగ్గరికి తెచ్చారు. మేము నీళ్లు దమ్ చేసి ఇచ్చాము, ముసలితనం, సబ్ర్ చేయండి అన్నాము. ఆస్పత్రికి తీసుకువెళ్లండని మాత్రం అనలేదు. అలా మూడేళ్లు పోయాయి. హైదరాబాదులో డాక్టరు అల్జైమర్స్ అని చెప్పేనాటికి ఈ అమ్మాయి ఇంటర్ చదువుతోంది.

అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి చేరే వయసు గురించి ఖుర్ఆన్‌లో నహ్ల్, హజ్ సూరాలలో ప్రస్తావన ఉంది. దైవప్రవక్త (స) ఆ దశ నుండి అల్లాహ్ శరణు కోరేవారు. ఈ పాఠం పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాము. ఎదురుగా కూర్చున్న ముసలమ్మలో దాన్ని గుర్తుపట్టలేకపోయాము.

అమ్మాయి మనసును పట్టుకున్నది ఒక చిన్న సంగతి. దాదీకి మనవరాలి పేరు గుర్తులేదు. చాటలో తునికాకు, తంబాకు పెట్టి ఇస్తే మాత్రం వేళ్లు వాటంతటవే బీడీ చుట్టేవి. కట్ట లెక్క తప్పేది, చుట్టు తప్పేది కాదు. "పేరు పోయింది, పని ఎందుకు పోలేదు, మౌల్వీ సాబ్?" కొత్త సంగతులను భద్రపరిచే హిప్పోకాంపస్ భాగం ఈ జబ్బులో తొందరగా దెబ్బతింటుందట. చేతికి అలవాటైన పని మెదడులో వేరే చోట్ల నిలిచి ఉంటుందట. ఏ కణాలు ముందు చనిపోతాయి, ఏవి ఎందుకు తట్టుకుంటాయన్నదే ఆమె తెలుసుకోవాలనుకుంటున్నది.

ఇంకో మాట చెప్పి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా ఉంది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన కుటుంబాలు ఇది వినదగ్గది. (పిల్లలు ఉర్దూ వదిలేస్తున్నారని విసుక్కునే మాకు కొత్త వాదన దొరికింది!) రెండు భాషలు వస్తే జబ్బే రాదని కాదు. దాదీకి రెండూ వచ్చు.

ఆమె తండ్రితో మాట్లాడాము. "ఐదారేండ్లు పడుతదంటుంది. అప్పటిదాకా మా అమ్మ ఉంటదా, మౌల్వీ సాబ్?" అన్నారు. ఉండకపోవచ్చు. ఈ జబ్బును నయం చేసే మందు నేటికీ లేదు. అది అమ్మాయికీ తెలుసు. ప్రవేశ పరీక్ష ఫలితం వచ్చేదాకా సంబంధాల మాట ఆపుతానని చివరికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు మతిమరుపు పెద్దలను ఎవరు తెచ్చినా మేము దువా చేసి, ముందు డాక్టరుకు చూపించమంటున్నాము. థైరాయిడ్ లోపం వల్లా, బి12 విటమిన్ తక్కువైనా మతిమరుపు రావచ్చు, వాటికి మందులున్నాయి. ఈ సంగతి కూడా మాకు ఆ అమ్మాయే చెప్పింది.