వంగి నడచు తరంగములు

రాడారు తరంగములు తిన్నగా పోవునని పాఠశాలలలో చెప్పుదురు. శూన్యమున అది నిజమే. అచట అవి సెకండునకు 2,99,792 కిలోమీటర్ల వేగముతో ఋజుమార్గముననే సాగును. కాని భూమిని ఆవరించియున్న గాలి శూన్యము కాదు. అందు ప్రవేశించిన తరంగమునకు రెండు మార్పులు కలుగును: వేగము తగ్గును; దారి వంగును.

మొదట వేగము మాట. సముద్రమట్టమున గాలి వక్రీభవన గుణకము రమారమి 1.0003. అనగా తరంగవేగము పదివేల పాళ్లలో మూడుపాళ్లు మాత్రమే తగ్గును. ఇంత స్వల్పమును లెక్కింపవలెనా యని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. రాడారు దూరమును కొలుచునది కాలముతోనే. పంపిన తరంగము వస్తువును తాకి మరలి వచ్చుటకు పట్టిన కాలమును చూచి, మైక్రోసెకండునకు 150 మీటర్ల చొప్పున దూరము కట్టుదురు. 100 కిలోమీటర్ల దూరముననున్న వస్తువు విషయమున గాలిని లెక్కలోనికి తీసికొననిచో, అది సుమారు 30 మీటర్లు అధికదూరమున నున్నట్లు తోచును.

ఇక వంపు మాట. పైకి పోయినకొలది గాలి పలుచబడును, నీటియావిరియు తగ్గును. కావున తరంగముఖము పైభాగము క్రిందిభాగముకంటె ఒకింత వేగముగా నడచును. ఎడ్లబండి ఎడమచక్రము బురదలో దిగి, కుడిచక్రము గట్టినేలపై దొర్లినచో బండి ఎడమకు తిరుగుట ఎల్ల రెరిగినదే. తరంగమును అట్లే నేలవైపునకు వంగును. అస్తమించిన సూర్యుడు రెండు నిమిషములకు పైగా కనబడుచుండుటకు కారణ మిట్టి వక్రీభవనమే. అయితే కాంతిపై నీటియావిరి ప్రభావము స్వల్పము. రాడారు తరంగములపై మిక్కుటము.

ఈ వంపును లెక్కించుట కొక సులభోపాయము కలదు. 6,371 కిలోమీటర్ల భూవ్యాసార్ధమును మూడింట నాలుగు వంతులు చేసి, సుమారు 8,500 కిలోమీటర్లుగా భావించి, కిరణమును సరళరేఖగానే గీయుదురు. నేలకు సమాంతరముగా పంపిన కిరణము 400 కిలోమీటర్ల దూరమున 12.5 కిలోమీటర్ల ఎత్తున నుండవలసినది, వంపువలన 9.4 కిలోమీటర్ల ఎత్తున నుండును. 1970లో విశాఖపట్టణమున తుపానులను కనిపెట్టు రాడారు నెలకొల్పబడినది. అంత దూరముననున్న తుపాను విషయమున ఇట్టి కిరణము మేఘముల పైభాగమునే తాకగలదు. క్రింద కురియు వాన దాని కందదు.

గాలి అన్ని దినములలోను ఈ సగటులెక్కకు లోబడదు. నేలమీదినుండి వీచిన వేడి పొడిగాలి, తేమగల చల్లని సముద్రపుగాలిపై పరచుకొన్నపుడు తరంగముల వంపు భూమి వంపును మించును. అవి ఆ పొరకును సముద్రమునకును నడుమ సొరంగమునందువలె చిక్కుకొని బహుదూరము పోవును. రెండవ ప్రపంచయుద్ధకాలమున బొంబాయియందలి యొక రాడారునకు వెయ్యి మైళ్లకు పైబడిన దూరముననున్న అరేబియా తీరము గోచరించినది!

ఇది లాభమే కాదు, ప్రమాదమును. ఆ పొరకు కొంచెము పైగా ఎగురు విమానము చేరువనున్నను కనబడకపోవచ్చును. దూరపు కొండలును, సముద్రపు అలలును తెరపై వానవలె భ్రాంతి గొల్పవచ్చును. అందువలననే వాతావరణశాస్త్రజ్ఞులు బెలూనులతో పరికరములను పైకి పంపి, ఏ యెత్తున ఎంత వేడిమియో, ఎంత తేమయో తెలిసికొనుచుందురు. తెరపైని చుక్కకు అర్థము చెప్పవలెనన్నచో, నడుమనున్న గాలి స్థితిని ముందుగా ఎరుగవలెను.